ముదురు రంగు కవరు, పెండ్లి పిలుపు

ధ్యానమునకు: హబక్కూకు 2:2, రోమా 14వ అధ్యాయము



పెండ్లి పత్రికను నల్లని కవరులో పెట్టి పోస్టు చేయవచ్చునా? ఈ ప్రశ్న చిన్నదిగా కనబడును గాని, పెండ్లి కుదిరిన యిండ్లలో పెద్దలును పిల్లలును దీనివలన రెండు పక్షములగుచున్నారు. నలుపు, ముదురు నీలము, ముదురు ఎరుపు కవరులును, వాటిమీద బంగారు వన్నె అక్షరములును ఇప్పుడు దొరకుచున్నవి. "చూడ ముచ్చటగా నున్నవి" అని పిల్లలందురు. "శుభకార్యమునకు నలుపేమి?" అని పెద్దలందురు. ఎవరి మాట న్యాయము?

మొదట రంగును విచారింతము. నలుపు తనంతట తాను చెడ్డది కాదు. తెలుగునాట పెండ్లికూతురి మెడలో నల్లపూసలు కట్టుదురు; కన్నులకు కాటుక దిద్దుదురు. ఇక మన అనంతపురము సీమ మాట చెప్పనేల? ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బ్రదుకు ఈ మెట్టసీమలో, వేరుసెనగ విత్తనము సిద్ధము చేసికొని బుక్కరాయసముద్రము చెరువుకట్ట మీదినుండి ఆకాశమును చూచు రైతునకు నల్లమబ్బుకంటె శుభమైన రంగు ఏది? కాబట్టి రంగునుబట్టి కీడు వచ్చునని భయపడ నక్కరలేదు.

అయినను పెద్దల మాటకు మూలము లేకపోలేదు. 19వ శతాబ్దమున ఐరోపావారు మరణవార్తను నల్లంచు గల కవరులో పంపుచుండిరి. విప్పకముందే దుఃఖవార్త యని తెలియవలెనని ఆ యేర్పాటు. మన హిందూ సోదరులు శుభలేఖ మూలలకు పసుపు రాయుదురు. అనగా జాబుకంటె ముందుగా కవరే మాటలాడును. చదువురాని అవ్వ నల్లని కవరు చేతికి రాగానే ఉలికిపడినచో, "నీది మూఢనమ్మకము" అని ఆమెను గద్దించుట సులభమే. అయితే రోమా సంఘమునకు పౌలు ఏమి నేర్పెను? తినుటకు మనకు స్వేచ్ఛ యున్నను, ఆ స్వేచ్ఛచేత సహోదరుని మనస్సు నొప్పింపరాదని గదా! భోజనమునుగూర్చి చెప్పినది కవరునకును తగును. నలుపు పాపము కాదు గాని, అవ్వ గుండె ఝల్లుమనిపించుట ప్రేమ కాదు.

ఈ వాదములో రెండు పక్షములవారును ఒకనిని మరచుచున్నారు. అతడు పోస్టుమాను. నల్లని కాగితముమీద నీలి సిరాగాని నల్ల సిరాగాని కనబడదు. బంగారు సిరా ఎండలో తళతళలాడునేగాని చదువ నియ్యదు. 1840 మే నెలలో ఇంగ్లండునందు లోకములోని మొదటి తపాలా బిళ్ల వెలువడెను. అది నల్లనిది. దానిమీద ఎర్రసిరాతో ముద్ర కొట్టగా అది స్పష్టముగా కనబడకపోయెను, తుడిచివేయుటయు సులువాయెను. వాడిన బిళ్లనే మరల వాడుదురను భయముచేత 1841లో బిళ్లను ఎరుపు చేసి, ముద్రకు నల్లసిరా పెట్టిరి. నల్లకాగితముతో అంత గొప్ప తపాలా శాఖకే కష్టమైనప్పుడు, సంచి భుజమున వేసికొని పల్లెపల్లె తిరుగు మనిషికి ఎంత కష్టము! 1972 ఆగష్టు 15న మన దేశమున ఆరంకెల పిన్‌కోడు ఏర్పడినది ఉత్తరము దారి తప్పకుండుటకే. ఆ యంకెలు కనబడనియెడల దాని ప్రయోజనమేమి?

పోస్టులో పిలుపు ఎవరికి పంపుదుమో యోచించుడి. దగ్గరి చుట్టములను, గొప్పవారిని ఇంటికి పోయి పిలుతుము. తపాలాకు విడుచునది దూరమున నున్నవారిని. కరవు ఏండ్లలో మన పల్లెలు విడిచి బెంగుళూరికి కూలికి పోయినవారు అట్టివారే. ఏదో వీధిలో అద్దె గదిలోనున్న ఆ కుటుంబమునకు పెండ్లి పత్రిక వట్టి కాగితము కాదు. "మీరింకను మావారే" యను మాట. అది చేరనిచో వారు తపాలాను నిందింపరు. "మమ్మును మరచిరి" అందురు. పిలువని పేరంటమునకు ఎవరు వత్తురు? ఆ మనస్తాపము ఏండ్లకొలది నిలుచును. సెల్‌ఫోనులో చెప్పవచ్చును గదా యందురేమో. చెప్పుడి, అయితే పంపిన పత్రిక కూడ చేరవలెను గదా! కవరు అందముకంటె అది అందుట ముఖ్యము.

చదువువాడు సులభముగా చదువునట్లు పలకలమీద స్పష్టముగా వ్రాయుమని దేవుడు హబక్కూకునకు సెలవిచ్చెను. ఎస్తేరు కాలమున రాజుగారి తాకీదులు ఆయా జనుల లిపిలో, వారి భాషలోనే పోయెను. మత్తయి 22వ అధ్యాయములోని పెండ్లి విందు ఉపమానమున పిలువబడినవారు రాకపోయిరి గాని, పిలుపు తెలియలేదని చెప్పుటకు వారికి వీలు లేకపోయెను. పిలుచువాని ధర్మము అది: స్పష్టముగా పిలుచుట. వచ్చుట, రాకపోవుట వారి యిష్టము.

కాబట్టి పిల్లలారా, ముదురు రంగు మీకు ప్రియమైనచో లోపలి పత్రికకు వాడుడి. పై కవరు తెల్లనిదిగా నుండనియ్యుడి. ఇదివరకే కొనియున్నచో తెల్లకాగితపు చీటి అతికించి, నల్లసిరాతో పెద్ద అక్షరములలో వ్రాయుడి. పిన్‌కోడు వేయుడి. 2022 ఏప్రిల్‌లో మన జిల్లా రెండైనది. ధర్మవరము, కదిరి, హిందూపురము వైపు చుట్టములకు శ్రీ సత్యసాయి జిల్లా యని వ్రాయుడి. పంపువారి చిరునామా మరువకుడి. ఉత్తరము చేరనిచో తిరిగి మీ యింటికే రాగలదు. పెద్దలారా, "నలుపు అశుభము" అని పిల్లలను బెదిరింపకుడి. "ఇది దూరమున నున్న మనవారు చదువగలరా?" అని యడుగుడి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకొనిన తరువాత రంగును గూర్చి వాదము మిగులదు.