విద్యకు అధికారి యెవరు?

పత్తియు మిరపయు పండించు గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి నేలలలో విద్యకున్న ప్రతిష్ఠ మరి యే సంపదకును లేదనుట అతిశయోక్తి గాదు. మిరప యార్డులో ధర పడిపోయిన యేటను, పత్తికి గులాబీరంగు పురుగు సోకిన యేటను, అప్పు చేసియో పొలము తాకట్టు పెట్టియో బిడ్డను ఇంటరు చదువునకై పట్టణమునకు పంపు తలిదండ్రులు ఇచ్చటి ప్రతి యూరను గలరు. ఇట్టి సీమలో ఒక యింట ఇద్దరు బిడ్డలుండి, వారిలో నొకరు ప్రవేశపరీక్షలో ర్యాంకు తెచ్చుకొని వైద్యవిద్యకు పోగా, రెండవవారు పుట్టుకతోనే బుద్ధిమాంద్యము గలవారై, ప్రత్యేకావసరములు గల బిడ్డలకై మండలకేంద్రమున నున్న భవిత కేంద్రమున కొన్ని అక్షరములు, కొన్ని అంకెలు నేర్చి, పదునెనిమిదవ యేట ఇల్లు చేరినచో, ఆ రెండవ బిడ్డ చదువును గూర్చి అటుపై నెవ్వరును అడుగరు. వైకల్యమును నిర్ధారించు సదరం ధ్రువపత్రమున్నది, పింఛను వచ్చుచున్నది, తిండికిని బట్టకును లోటు లేదు. ఇంక కావలసిన దేమున్నదని లోకము తలచును. కావలసినది మిగిలియే యున్నదనియు, అది ధర్మమునకు సంబంధించిన ప్రశ్న యనియు నా విశ్వాసము. కళాశాల యెవరికొరకు? విద్యకు అధికారి యెవరు?

ఈ విచారము మనకు క్రొత్తది కాదు. జైమిని తన మీమాంసాసూత్రములలో ఆఱవ యధ్యాయమును అధికారవిచారమునకే వినియోగించెను. ఫలమును కోరువాడును, కర్మమును నిర్వహింప శక్తి గలవాడును, దానికి వలయు జ్ఞానము గలవాడును అధికారి యని మీమాంసకులు నిర్ణయించిరి. అంగవైకల్యము గలవాని సంగతిని గూడ విడువక చర్చించిరి. ధర్మశాస్త్రకారులు ఈ విచారమునే ఆస్తిపంపకమునకు తెచ్చిరి. మనుస్మృతి తొమ్మిదవ యధ్యాయము పుట్టంధులను, చెవిటివారిని, మూగవారిని, జడులను దాయభాగము లేనివారినిగా జేసి, ఆ వెంటనే వారికి యావజ్జీవము అన్నవస్త్రము లొసంగవలెననియు, ఒసంగనివాడు పతితుడగుననియు విధించినది. ఆ విధిలో కరుణ లేకపోలేదు. కాని కరుణకు పాత్రుడైనవాడు భాగమునకు పాత్రుడు కాకపోయెను. 1928లో వచ్చిన చట్టము అంధబధిరాదులకు హిందూ దాయమందున్న ప్రతిబంధమును తొలగించియు, జన్మతః ఉన్మాదులైన వారిని, జడులైన వారిని వెలుపలనే యుంచినది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము తన 28వ సెక్షనున ఏ వ్యాధియు, ఏ లోపమును, ఏ వైరూప్యమును వారసత్వమునకు అడ్డు గాజాలదని చెప్పిన పిదపనే, బుద్ధిమాంద్యము గల బిడ్డకు తండ్రి పొలమున హక్కుగా భాగము దక్కినది. నేలలో భాగ మొసంగితిమి గాని, విద్యాదాయమున నేటికిని మనువు చెప్పిన అన్నవస్త్రముల యొద్దనే నిలిచియున్నాము. నెలనెలా వచ్చు పింఛను ఆ అన్నవస్త్రముల నేటి రూపము. అది అవసరమైనదే గాని పర్యాప్తము గాదు.

చట్టము చేయవలసినది కొంత చేసినది. 1995 నాటి శాసనము 7 వైకల్యములను గుర్తింపగా, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 21 వైకల్యములను పేర్కొని, వానిలో మేధోవైకల్యమును, ఆటిజమును స్పష్టముగ చేర్చి, ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థలలో 5 శాతమునకు తక్కువ గాకుండ సీట్లను, వయఃపరిమితిలో 5 ఏండ్ల సడలింపును ఏర్పరచినది. చూపు లేని విద్యార్థికి, నడక లేని విద్యార్థికి ఈ నియమము నిజముగ ఉపకరించును. అయితే డిగ్రీ కళాశాల వాకిట ఇంటరు ఉత్తీర్ణతాపత్రము చూపవలసియున్నంత కాలము, ఆ పరీక్షనే దాటలేని బుద్ధిమాంద్యుని పేరు ఆ 5 శాతమున కాగితముమీదనే యుండిపోవును. బోధించు నేర్పు తెలుగునేలకు లేకపోలేదు. సికిందరాబాదు మనోవికాసనగరమున 1984లో నెలకొన్న జాతీయసంస్థ ఇట్టి విద్యార్థులకు బోధించు గురువులను దశాబ్దములుగా తయారు చేయుచున్నది. కొఱత యున్నది మన నమ్మకమున. మేధావియే కళాశాలకు తగినవాడను భావము మనలో లోతుగ నాటుకొనినది. దానిని పెకలింపక యే సీటును ఫలింపదు.

వేదాంతమును నమ్మినవారికి ఈ భావము ఎట్లు పొసగును? అద్వైతమతమున బుద్ధి ఆత్మ కాదు. అది అంతఃకరణమున నొక భాగము, భూతముల సాత్త్వికాంశము వలన బుట్టిన పనిముట్టు, ఒక ఉపాధి. చురుకైన బుద్ధిని, మందమైన బుద్ధిని సమముగ వెలిగించు సాక్షి యొక్కటే. మేధాశక్తి చేతను, విస్తారమైన శ్రవణము చేతను ఆత్మ లభింపదని కఠోపనిషత్తు బోధించినది. ఈ మాటలను ప్రవచనసభలలో భక్తితో విని, ఇంటికి వచ్చి, గణితమున నూటికి నూఱు తెచ్చిన బిడ్డను సంపూర్ణుడైన మనుష్యునిగను, తన పేరు వ్రాయుటకు పదేండ్లు శ్రమించిన బిడ్డను సగము మనుష్యునిగను ఎంచినచో, మనము ఉపాధినే ఆత్మగా భ్రమించినవార మగుచున్నాము. శాస్త్రములు ఆ భ్రమకే అధ్యాస యని పేరు పెట్టినవి.

ఇచ్చట ఒక సుళువైన ఓదార్పు మన దారి కడ్డుపడుచుండును. భాగవతమందలి జడభరతుడు మూఢునివలె తిరుగుచు, రహూగణుని పల్లకి మోయుచు, తుదకు ఆ రాజునకే తత్త్వోపదేశము చేసెను గదా, మన బిడ్డయు లోపల నొక యోగియేమో యని కొందఱు పెద్దలు తలిదండ్రులను ఊఱడింతురు. వారి మనస్సు మంచిది. కాని జడభరతుడు జడుడు కాడు. జడత్వమును వేషముగ ధరించిన జ్ఞాని. లోపల జ్ఞాని దాగియున్న పక్షముననే ఒకనికి గౌరవము గలుగునని యొప్పుకొన్నచో, మరల బుద్ధినే పీఠమెక్కించితిమి. నిజముగ లెక్కలు రాని బిడ్డకు, నిజముగ రెండు వాక్యముల నొకచోట నిలుపుకొనలేని బిడ్డకు, అట్లున్నవాడు అట్లే యుండగా గౌరవము చెల్లవలెను.

అందుకు దగిన దృష్టాంతము అమరావతి, భట్టిప్రోలు స్తూపములు లేచిన ఈ సీమకు, గుండ్లకమ్మ యొడ్డున చందవరము స్తూపము నిలిచిన ఈ సీమకు పరాయిది కాని బౌద్ధవాఙ్మయమున గలదు. మహాపంథకుడు, చుల్లపంథకుడు అన్నదమ్ములు. అన్న పండితుడై సంఘమున పేరు గాంచెను. అతని వెంట ప్రవ్రజించిన తమ్ముడు నాలుగు నెలలు శ్రమించియు ఒక్క గాథను కంఠస్థము చేయజాలకపోయెను. అన్నయే అతనిని సంఘము విడిచి పొమ్మనెను. ఏడ్చుచు వెడలుచున్న ఆ భిక్షువును బుద్ధుడు వాకిట గాంచి, వెనుకకు దోడ్కొని వచ్చి, ఒక శుభ్రమైన వస్త్రఖండమును చేతికిచ్చి, మలినము తొలగుట నుద్దేశించిన చిన్నమాటను జపించుచు దానిని చేతులతో రుద్దుచుండుమని చెప్పెను. రుద్దగా రుద్దగా ఆ తెల్లని గుడ్డ మాసెను. మాసిన గుడ్డయందు అతడు అనిత్యతను జూచి అర్హతు డయ్యెను.

ఈ కథయందలి ఫలమును మాత్రమే మెచ్చుకొనువారు దాని సారమును జారవిడుతురు. తథాగతుడు చుల్లపంథకునకై వేఱొక చిన్న గమ్యమును కల్పింపలేదు. గమ్యమును అట్లే యుంచి మార్గమును మార్చెను. చెవికి అందని ధర్మమును చేతికి అందించెను. మందబుద్ధులకై వేఱొక విహారమును గట్టింపక, వెడలగొట్టిన సంఘముననే అతనికి మరల స్థానమిచ్చెను. అన్నిటికంటె ముఖ్యమైనది, అతడు అర్హతు డగునో కాడో తేలకముందే చేయి చాపెను. అర్హత రుజువైన పిదప ప్రవేశమిచ్చుట విపణిధర్మము. ప్రవేశమిచ్చి వికాసమునకు వేచియుండుట గురుధర్మము.

పూర్వజన్మకర్మ యను మాట గూడ బుద్ధిమాంద్యము గల బిడ్డలున్న యిండ్లలో తఱచుగ వినబడును. ఆ సిద్ధాంతమును నే నిచట ఖండింపబూనలేదు. దానిని నిష్ఠతో నమ్మువాడు తన కష్టమును దాను సహించుటకై దాని నాశ్రయింపవచ్చును. ఎదుటివాని బిడ్డకు శిక్ష విధించుటకై ప్రయోగింప రాదు. ఒక తల్లి కర్మఫలమును గూర్చి తీర్పు చెప్పుచున్న క్షణమున, ఆ తీర్పు చెప్పువాడు గూడ ఒక కర్మ చేయుచునే యున్నాడు. దాని ఫలము అతనిదే.

ఇతరదేశములలో పైన చెప్పిన గురుధర్మము ఆచరణకు వచ్చినది. కెనడాలో ఆల్బర్టా విశ్వవిద్యాలయమున 1987లోనే మేధోవైకల్యము గల యువకులు తోడి విద్యార్థులతో కలసి చదువు పద్ధతి మొదలైనది. అమెరికాలో 2008 నాటి ఉన్నతవిద్యా శాసనము ఇట్టి విద్యార్థులకు గూడ ప్రభుత్వ ఆర్థికసహాయము లభించునట్లు చేసినది. ఇట్టి కళాశాలలలో విద్యార్థి తనకు ఇష్టమైన పాఠమును తోడివారితో కూర్చుండి వినును. పరీక్షకు మాఱుగా తాను నేర్చినదానిని తన రీతిని చూపును. ఒక తోటివిద్యార్థి అతనికి తోడుగ నుండును. పూట కొంత పనియనుభవమును గడించును. మన సీమలో ఇది అసాధ్యమా? 1885లో స్థాపితమైన ఆంధ్ర క్రైస్తవ కళాశాల గల గుంటూరున, 1976లో నాగార్జునుని పేర వెలసిన విశ్వవిద్యాలయము గల ఈ జిల్లాలలో అసాధ్యమనుట మనకు తగదు. ఒంటరిగ బస్సెక్కి గమ్యము చేరుట, బ్యాంకు పుస్తకము చూచుకొనుట, మిరప తొడిమలు తీసిన కూలి ఎంత రావలెనో అంత వచ్చినదో లేదో సరిచూచుకొనుట, కోల్డ్ స్టోరేజి రసీదును పోల్చుకొనుట నేర్పవలసినవే. అయినను పనివానిని తయారు చేయుటతో కళాశాల ఋణము తీరదు. నాటకమున వేషము గట్టుట, చరిత్రపాఠమున అమరావతి శిల్పములను జూచుట, గ్రంథాలయమున కూర్చుండుట, కుటుంబము వెలుపల ఒక స్నేహితుని సంపాదించుకొనుట గూడ విద్యయే.

పట్టా విలువ తగ్గునని కొందఱు భయపడుదురు. ఇచ్చట కోరునది ఇతరుల పట్టాను వీరికి పంచిపెట్టుట గాదు. వీరు నేర్చినదానిని ఉన్నదున్నట్లు పేర్కొను వేఱొక ధ్రువపత్రము చాలును. తోడివారు అపహసింతురని తల్లులు భయపడుదురు. ఆ భయము న్యాయమైనది, దానికి సమాధానము చెప్పవలసినది కళాశాలయే. అయితే అపహాసమునకు వెఱచి బిడ్డను ఇంట నుంచుట తప్పు చేసినవానిని విడిచి తప్పు చేయనివానిని బంధించుట. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు గుంటూరున శారదానికేతనమును నెలకొల్పిన నాడు, ఆడుదానికి చదువేల యని అడిగినవారు గూడ తమకు తాము ఆచారపరులుగ, హితైషులుగ దోచిరి. అధికారపరిధి విస్తరించిన ప్రతి పర్యాయమును పూర్వము కాదన్నవారి తర్కము ఇట్టిదే.

కావున ప్రశ్నను సరిగ నిలుపుకొందము. వచ్చు విద్యాసంవత్సరమున ఈ సీమయందలి యొక కళాశాల ఇద్దరు ముగ్గురు బుద్ధిమాంద్యులను చేర్చుకొనినచో, పరీక్ష మొదట వారికి గాదు, బోధకులకు. మహాపంథకునకు పాండిత్యము కొఱవడలేదు. తమ్మునికి ఏ త్రోవ తగునో వెదకు ఓర్పు కొఱవడినది, అందుచే ఆ శిష్యుని విషయమున అతడు గురువు కాలేకపోయెను. విద్యార్థి యర్హతను తూచుటకు మన యొద్ద నూఱు పరీక్ష లున్నవి. ఇతనికి ఏ యుపాయముతో చెప్పుదునని తన్ను దాను ప్రశ్నించుకొని, సమాధానము దొరకువఱకు వెదకు బోధకునకే బోధించు అధికారము గలదు. ఆ అధికారమును సంపాదించిన కళాశాలకు, వాకిట నిలిచిన ఏ బిడ్డను గూర్చియు వీడు తగడని చెప్పవలసిన పని యుండదు.