రాజసభలో శరణుని ధర్మము

శివపూజ చేయువానికి రాజ్యవ్యవహారములతో పనియేమని కొందరు తలతురు. బసవేశ్వరుడు అట్లు తలపలేదు. 12వ శతాబ్దమున కళ్యాణమందు బిజ్జలుని భండారమునకు అధికారియై యుండియు ఆయన ఇష్టలింగార్చన మానలేదు. కాయకము, దాసోహము అనునవి గృహమునకు వలెనే రాజ్యమునకును ధర్మములని బోధించెను. అనుభవమంటపమున అల్లమప్రభువు సన్నిధిని మడివాలు మాచయ్యయు, చెప్పులు కుట్టు హరళయ్యయు, అక్కమహాదేవియు సమానులై కూర్చుండిరి.

హరళయ్య కుమారునకు బ్రాహ్మణుడైన మధువరసుని కుమార్తెనిచ్చి వివాహము చేయగా, రాజు ఆ తండ్రులిద్దరికిని మరణదండన విధించెనని సంప్రదాయము చెప్పుచున్నది. మౌనము వహించినచో బసవేశ్వరునకు పదవి దక్కెడిది. క్రుద్ధులైన భక్తులను పురికొల్పినచో ప్రతీకారము తీరెడిది. ఆయన రెంటిని కోరక, అధికారమును విడిచి కూడలసంగమమునకు మరలెను. తరువాత బిజ్జలుడు హతుడయ్యెను, శరణులు చెల్లాచెదరైరి. కత్తి న్యాయమును తేలేదు.

1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగమందలి 17వ అధికరణము అస్పృశ్యతను రద్దుచేసినది. శాసనము వచ్చినది, ఆచారము ఇంకను పూర్తిగా మారవలసియున్నది. 2003లో పార్లమెంటు ప్రాంగణమున బసవేశ్వరుని విగ్రహము నెలకొన్నది. అచట ఆయన మాట వినిపించవలసినవారు ఆయన భక్తులే.

మంత్రుల యెదుటికి పోవు పెద్దలు, మఠాధిపతులు తమవారికేమి కావలెనని మాత్రమే అడిగినచో అది యాచన. హరళయ్య యింటికేమి కావలెనని శాంతముగ, నిర్భయముగ అడిగినచో అది లింగపూజయే యగును.