తాళం వస్తువుకా, మనిషికా?

“ఏరా, మామీద నమ్మకం లేదా?” హాస్టల్ గదిలో అల్మారాకు తాళం వేసే కొత్త విద్యార్థికి మొదటి వారంలోనే ఎదురయ్యే మాట ఇది. నవ్వుతూనే అంటారు. ఆ మాటకు జంకి తాళం తీసేసేవాళ్లూ ఉంటారు. ల్యాప్‌టాప్ బల్ల మీద, ఫోన్ కిటికీ పక్కన ఛార్జింగులో, తలుపు బార్లా తెరిచి స్నానానికి వెళ్లడం స్నేహానికి గుర్తుగా చెలామణీ అవుతుంది. తన వస్తువు పోకుండా చూసుకోవడం నిజంగా మనసులోని లోపమేనా?

బుద్ధుడు అలా అనుకోలేదు. కోలియుల ఊరు కక్కరపత్తంలో దీఘజాణు అనే గృహస్థు ఆయన దగ్గరికి వచ్చాడు. తాము పెళ్లాం పిల్లలతో కాపురాలు చేసుకునేవాళ్లమనీ, కాశీ చందనం పూసుకుని వెండి బంగారాలు పుచ్చుకునేవాళ్లమనీ దాచకుండా చెప్పి, తమబోటివాళ్లకు పనికొచ్చే ధర్మం చెప్పమన్నాడు. అంగుత్తర నికాయంలోని ఆ సంభాషణలో బుద్ధుడు ఈ లోకంలో మేలు చేసేవి నాలుగు చెప్పాడు. కష్టపడి సంపాదించడం మొదటిది. రెండోది ఆరక్ఖ సంపద, అంటే సంపాదించినదాన్ని కాపాడుకోవడం. రాజులు, దొంగలు, నిప్పు, నీరు, గిట్టని వారసులు అంటూ ఎవరెవరి నుంచి కాపాడుకోవాలో కూడా వివరించాడు. అన్నీ వదిలేసుకున్నవాడు సంసారికి చెప్పిన మాట ఇది. పరలోకానికి మేలు చేసే గుణాల్లో దానాన్ని చేర్చినవాడూ ఆయనే. కాబట్టి సొమ్ము భద్రంగా ఉంచుకోవడానికీ దానికి బానిస కావడానికీ చాలా దూరం ఉంది.

విద్యార్థికి ఈ బాధ్యత ఇంకా బరువైనది. అతని దగ్గరున్నదాంట్లో స్వార్జితం తక్కువ. ల్యాప్‌టాప్ వెనక తండ్రి చేసిన అప్పు ఉంటుంది, ఫీజు వెనక తల్లి ఎత్తిన చీటీ ఉంటుంది. ఫోన్ పోతే బ్యాంకు ఖాతా కూడా గాల్లో దీపమే. స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ నొక్కితే కనిపించే ఐఎంఈఐ నంబరును ఇంట్లో కాగితం మీద రాసిపెట్టడం, ఫోన్ పోయిన వెంటనే పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి సీఈఐఆర్ పోర్టల్‌లో దాన్ని బ్లాక్ చేయించడం, మోసగాళ్లు ఖాతాలోంచి డబ్బు లాగేస్తే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయడం ఈ కాలపు ఆరక్ఖ.

ఇన్ని చేసినా పోతే? బానిసగా పుట్టి, ఆ తర్వాత నికోపొలిస్‌లో గురువైన ఎపిక్టెటస్ ఇంట్లో దేవుళ్ల దగ్గర ఇనప దీపం ఉండేది. కిటికీ దగ్గర చప్పుడై దిగివచ్చేసరికి దొంగ దాన్ని ఎత్తుకుపోయాడు. రేపు మట్టిది తెచ్చుకుందాంలే అనుకున్నాడాయన. ఆ దొంగ ఒక దీపం కోసం తన నిజాయితీనే ధరగా చెల్లించాడని శిష్యులకు చెప్పాడు. గొప్ప ఆలోచనే. కానీ ప్రాజెక్టు మొత్తం ఉన్న ల్యాప్‌టాప్‌ను పరీక్షల ముందు పోగొట్టుకున్న అమ్మాయికి ఆ రోజే ఈ కథ చెప్పడం క్రూరత్వం. ముందు ఆమె వెంట పోలీస్ స్టేషన్‌కు వెళ్లాలి.

వస్తువు పోయిన గదిలో రెండో నష్టం ఒకటి పొంచి ఉంటుంది, తప్పుడు అనుమానం. నాలుగో శతాబ్దంలో కార్తేజ్‌లో చదువుకుంటున్న అలిపియస్ ఓ మధ్యాహ్నం పలకా గంటం పట్టుకుని, అప్పజెప్పాల్సిన పాఠం మననం చేసుకుంటూ అంగడివీధి దగ్గర తిరుగుతున్నాడు. మరో విద్యార్థి గొడ్డలితో వెండి పనివాళ్ల వీధి మీది సీసపు కటకటాలు నరుకుతూ, అలికిడి కాగానే గొడ్డలి పారేసి పరుగు తీశాడు. ఇదేమిటా అని అలిపియస్ దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. జనం అతన్నే పట్టుకుని లాక్కెళ్లారు. దారిలో ఎదురైన ఓ వాస్తుశిల్పి అతన్ని గుర్తుపట్టి, అసలు దొంగ ఇంటికి తీసుకెళ్లాడు. అక్కడి పనిపిల్లవాడు గొడ్డలిని చూసి అది తమదేనని చెప్పేశాడు. అలిపియస్‌కు గురువూ మిత్రుడూ అయిన అగస్టీన్ తన కన్ఫెషన్స్‌లో ఈ సంగతి రాశాడు. తేలిగ్గా ఎవరినీ దోషి అనకూడదని నేర్పడానికే దేవుడు ఇది జరగనిచ్చాడని ఆయన నమ్మకం.

నేటి హాస్టళ్లలో ఆ గొడ్డలి ఎవరి చేతిలో కనబడుతుంది? స్కాలర్‌షిప్ మీద చదివే పిల్లవాడివైపో, గదులు ఊడ్చే ఆయమ్మవైపో ముందుగా చూపులు తిరుగుతాయి. ఆధారం లేకుండా వాళ్ల సంచులు వెతకడం దొంగతనం కన్నా చిన్న తప్పేమీ కాదు. అల్మారా తాళం ఎవరినీ వేలెత్తి చూపదు. అది అందరికీ ఒకటే.

కాపుదల పేరుతో మనుషులకే తాళం వేసే అలవాటు కూడా ఉంది. కోఝికోడ్ ప్రభుత్వ వైద్య కళాశాల విద్యార్థినులు రాత్రి తొమ్మిదిన్నర తర్వాత హాస్టల్ దాటనివ్వని నిబంధన మీద కేరళ హైకోర్టుకు వెళ్లారు. ఆడపిల్లలనే ఎందుకు కట్టడి చేయాలని 2022లో ఆ కోర్టు నిలదీసింది. సరైన ప్రశ్న. లైబ్రరీ నుంచి హాస్టల్ దాకా వీధిదీపాలు, రాత్రి బస్సు, పిలిస్తే పలికే కాపలాదారు, ఫిర్యాదు తీసుకునే అధికారి కావాలంటే ఖర్చవుతుంది. గేటుకు తాళం వేస్తే ఆ ఖర్చు తప్పుతుంది కానీ, చదువుకోవడానికి వచ్చిన అమ్మాయికి లైబ్రరీ తప్పిపోతుంది. ఆ ఖర్చు పెట్టాల్సింది విశ్వవిద్యాలయమే.