ముడి చూపించు

నేను రాయి ఎక్కేముందు వాడు నా నడుం దగ్గరికి వంగి తాడు ముడి చూస్తాడు. నేను జారితే కిందనుంచి తాడు ఆపే వాడి బిలే పరికరంలో తాడు సరిగ్గా దూరిందో లేదో, దాన్ని తగిలించిన కొక్కెం, కారబీనర్, తాళం పడిందో లేదో నేను లాగి చూస్తాను. ఒక పొద్దున పదిసార్లు ఎక్కితే పదిసార్లూ ఇదే తంతు. ఎనిమిదో తరగతి నుంచి ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లం. ఇంతకీ వీణ్ణి నేను నమ్మినట్టా, నమ్మనట్టా?

నమ్మినవాణ్ణి పరీక్షించకూడదన్నది మనలో చాలామందికి స్నేహధర్మం. "నా మీద నమ్మకం లేదా?" అన్న ఒక్క ప్రశ్న చాలు, ఎంతటివాళ్లైనా తగ్గిపోతారు. నేనూ ఆ ధర్మంలోనే పెరిగాను. భువనగిరి కొండ మీద నా ప్రాణం తీయబోయింది కూడా అదే.

మొదట నేర్చుకున్నది హైదరాబాదులో ఒక ఇండోర్ గోడ మీద. పలకలకి రంగురంగుల పట్లు బిగించి ఉంటాయి. కింద మందపాటి పరుపు. ఒకరి ముడి ఒకరు చూడకపోతే అక్కడి శిక్షకుడు గోడ ముట్టుకోనివ్వడు. అందుకే అదెప్పుడూ మా ఇద్దరి మధ్య విషయం అనిపించలేదు. గుడి బయట చెప్పులు విప్పినట్టు అది ఆ చోటు ఆచారం.

ఏడు నెలల తర్వాత రాతి మీదికి వెళ్లాం. ముందు ఖాజాగూడ గుట్టలు, ఆ తర్వాత భువనగిరి. 2014లో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ శిక్షణ పొందిన కొండ అది. మన గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. వాలు రాతి మీద వేలికి ఏమీ దొరకదు. బూటు రబ్బరు రాయిని పట్టుకుంటుందని నమ్మి, మడమ దించి, బరువంతా పాదాల మీద వేయాలి. భయపడి రాతిని కరుచుకున్నకొద్దీ పాదం జారుతుంది.

డిసెంబరు నెల, ఇంకా ఎండ తగలని వేళ. నలుగురం ఉన్నాం. తాడు కట్టుకునే పద్ధతి ఇదీ: ముందు తాడులో ఎనిమిది అంకె వేసి, కొనని నడుముకి కట్టుకున్న హార్నెస్ ఉచ్చుల్లోంచి దూర్చి, ఆ అంకె వెళ్లిన దారినే కొనని వెనక్కి నడిపించాలి. నేను కొన దూర్చాను. అప్పుడే మావాళ్లలో ఒకడు ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చాడు. తాగుతూ ఏదో మాట్లాడాం. కప్పు తిరిగిచ్చి రాతి మీద చేయి వేశాను. "ఆన్ బిలే?" అన్నాను. "ఎక్కరా" అన్నాడు వాడు.

ఇరవై అడుగుల ఎత్తులో పాదాలు పట్టేంత అంచు ఒకటుంది. అక్కడికి చేరగానే కిందనుంచి వాడి గొంతు నెమ్మదిగా వచ్చింది. "ఒరేయ్, అక్కడే ఆగు. తాడు మీద బరువెయ్యకు. భుజం రాతికి ఆనించి, నడుం దగ్గర చూడు."

చూశాను. కొన ఉచ్చుల్లోంచి జారిపోతూ వేలాడుతోంది. ఒక్కసారి వెనక్కి వాలి ఉంటే పట్టేది ఏదీ లేదు.

ఆ తర్వాత నేను విన్నది వాడి మాట ఒక్కటే. "కొన దూర్చు. ఇప్పుడు అంకె పక్కనే నడిపించు. పైకి. చుట్టూ. మళ్లీ కిందికి." వేళ్లు వణుకుతున్నాయి, అయినా వాడు చెప్పినట్టే నడిచాయి. చివర్లో "చూపించు" అన్నాడు. నడుం వాడి వైపు తిప్పాను. కిందనుంచి చాలాసేపు చూసి, "సరే, ఇప్పుడు కూర్చో" అన్నాడు. తాడు బిగిసింది.

కిందికి దిగాక ఇద్దరం చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "ఎక్కేముందు అడుగుదామనుకున్నాను. ఏమనుకుంటావోనని ఆగిపోయాను."

నన్ను ఇంకా వదలని మాట ఇదే. నేను నొచ్చుకుంటానని వాడు ఆగాడు. వాడు నొచ్చుకుంటాడని నేనూ వాడి తాళం చూడలేదు. అంత ప్రేమ మధ్య ఆ ముడిని ఎవరూ పట్టించుకోలేదు.

1989లో ఫ్రాన్సులో, రాళ్లెక్కడంలో పేరున్న లిన్ హిల్ కూడా ఇలాగే సగం ముడితో ఎక్కింది. పైన తాడు మీద వాలగానే డెబ్బై అడుగులకు పైగా పడి, చెట్టు కొమ్మలు అడ్డం రావడంతో బతికింది. నాలుగేళ్ల తర్వాత అమెరికాలోని ఎల్ కాపిటాన్ కొండ మీది నోస్ మార్గాన్ని ఎక్కడా తాడు మీద బరువు వేయకుండా మొట్టమొదట ఎక్కింది ఆమే. అంతటి చేతులే మరిచిపోతే నా చేతులెంత? కాబట్టి వాడు సరిచూసేది నా వేళ్లని, నా మనసు జోలికి రావడం లేదు. ఇలా తేల్చుకుని కొన్నాళ్లు నెమ్మదిగా ఉన్నాను.

నాన్న గుర్తొచ్చాక ఆ నెమ్మది నిలవలేదు. 2006లో నాన్న తన స్నేహితుడికి మిరప పెట్టుబడికి నలభై వేలు ఇచ్చారు. నోటు రాయించుకోమని అమ్మ పోరింది. "నోటు రాయిస్తే ఇంక వాడు నాకేమవుతాడు?" అన్నారు నాన్న. ఆ మాట విని గర్వపడ్డాను. ఆ ఏడు పంట పోయింది. ఆయన ఇవ్వలేదు, నాన్న అడగలేదు. మొహం చెల్లక ఆయన మా ఇంటికి రావడం మానేశాడు. బాకీ కోసం వచ్చాననుకుంటాడని నాన్న ఆయన ఇంటికి వెళ్లడం మానేశారు.

నోటు రాసుకున్నవాళ్లు మూడేళ్లు నిండకముందే మళ్లీ కూర్చుని తిరగరాసుకుంటారు, లేకపోతే అది చెల్లదు. అంటే ఇష్టమున్నా లేకున్నా ఎదురుబదురు కూర్చోవాలి. "ఈ ఏడు కుదరలేదు" అని ఒకరు చెప్పాలి, ఇంకొకరు వినాలి. ఆ కాగితం ఉండి ఉంటే? నాన్నది తప్పని అనలేకపోతున్నాను. అంత నమ్మి నా చేతిలో ఎవరూ ఏదీ పెట్టలేదు, నేనూ ఎవరికీ అలా ఇవ్వలేదు. అయినా ఆదివారం పొద్దున వాడు నా నడుం దగ్గరికి వంగి, తాడుని వేలితో అంకె వెంబడి నడిపిస్తున్నప్పుడు, నాన్నకి ఇది దక్కలేదే అనిపిస్తుంది.

నాన్నకి ఇప్పుడు డెబ్బై నాలుగు. ఆ స్నేహితుడు అదే ఊళ్లో ఉన్నాడు. రెండిళ్ల మధ్య నాలుగు వీధులు.