రంగపూజలో రాక్షసుడి వాటా

సినిమా మొదలైతే ఫిలింనగర్‌లో ‘కొబ్బరికాయ కొట్టారు’ అంటారు. షూటింగ్ పూర్తయితే ‘గుమ్మడికాయ కొట్టేశారు’ అంటారు. బంజారాహిల్స్ అన్నపూర్ణ స్టూడియోలోనో, ఫిలింనగర్ దైవసన్నిధానంలోనో ముహూర్తమంటే ఆ వరస తెలిసిందే. దేవుడి పటాల మీద తొలి షాట్, ఒకరి క్లాప్, మరొకరి కెమెరా స్విచ్చాన్. గ్రాఫిక్స్‌తో కొండల్ని ఎగరేసేవాళ్లకు ఈ కాయలెందుకని నవ్వేవాళ్లూ ఉన్నారు.

నవ్వండి గానీ, ముందు ఒకసారి భరతుడి నాట్యశాస్త్రం తిరగేయండి. సంస్కృతం రాదనే బెంగ అక్కర్లేదు. పోణంగి శ్రీరామ అప్పారావు తెలుగులో అందించిన ‘నాట్యశాస్త్రము’ 1960లోనే సాహిత్య అకాడమీ అవార్డు అందుకుంది. అందులో నాటకశాల కట్టే పద్ధతి ఉంది: 64 మూరల పొడవు, 32 మూరల వెడల్పు. నేల దున్ని, ఎముకలూ పుర్రెలూ ఏరేసి, పుష్యమీ నక్షత్రంలో తెల్లటి కొలతాడు పట్టాలి. తాడు సగానికి తెగితే యజమానికి ప్రాణగండమట. నిర్మాతల భయాలు ఈనాటివి కావు!

కట్టడం అయ్యాక రంగపూజ. రంగం నడుమ నీళ్లు నింపిన కుండ పెట్టి, పూజ చివర నాట్యాచార్యుడు దాన్ని పగలగొడతాడు. పగిలితే రాజుకు శత్రుభయం తీరినట్టే. ఆపైన వెలిగించిన కాగడాతో కేకలు పెడుతూ రంగమంతా కలియతిరుగుతాడు.

నాకు మాత్రం ఆ కుండకంటే నైవేద్యాల పట్టికే ముద్దు. బ్రహ్మకు మధుపర్కం, సరస్వతికి పాయసం, శివుడికీ విష్ణువుకీ ఇంద్రుడికీ మోదకాలు. అదే పంక్తిలో రాక్షసులకు మాంసం, దానవులకు మాంసంతోపాటు కల్లు! శత్రువులకు విస్తరెందుకు?

కారణం మొదటి అధ్యాయంలోనే ఉంది. ఇంద్రధ్వజ ఉత్సవంలో ఆడిన తొలి నాటకంలో కథ దైత్యుల ఓటమి. ఎదురుగా కూర్చుని తమ పరాభవమే చూడాల్సి వచ్చిన వాళ్లకు ఒళ్లు మండింది. నటుల మాట, కదలిక, జ్ఞాపకం మూడూ స్తంభింపజేశారు. ఇంద్రుడు ధ్వజం కర్ర పెరికి చితకబాదినా గొడవ సద్దుమణగలేదు. చివరికి బ్రహ్మ వాళ్లను పిలిచి నచ్చజెప్పాల్సి వచ్చింది: ఇది దేవతలది మాత్రమే కాదు, మీది మాత్రమే కాదు, ముల్లోకాల నడవడీ ఇందులో ఉంటుందని. దెబ్బకు లొంగనివాళ్లు మాటకు మెత్తబడ్డారు.

తెలుగు తెర ఆ విస్తరిని మరవలేదు. 1961లో ‘సీతారామ కళ్యాణం’తో తొలిసారి దర్శకత్వం చేపట్టిన ఎన్టీఆర్, రాముడి వేషం హరనాథ్‌కిచ్చి, తాను రావణుడు కట్టారు.