జేమ్స్ బాండు అభిమానులలో అల్పసంఖ్యాకులు

జేమ్స్ బాండు సినిమాల గురించి అభ్యుదయవాదులు చెప్పవలసింది చెప్పి చాలాకాలమైంది. 1947లో ఇండియాను వదులుకున్న సామ్రాజ్యానికి 1953లో ఇయాన్ ఫ్లెమింగ్ నవలలో ఒక వీరుడు పుట్టుకొచ్చాడు. 1956లో సూయెజ్ దగ్గర పరువు పోగొట్టుకున్న బ్రిటన్, 1962 నుంచి వెండితెర మీద ప్రపంచాన్ని రక్షిస్తూ వచ్చింది. ఇది నిజమే. దీన్ని మళ్లీ రుజువు చెయ్యటానికి నేనీ వ్యాసం రాయటం లేదు. 1962కూ 2021కీ మధ్య ఒకే నిర్మాణసంస్థ నుంచి వచ్చిన 25 సినిమాలను ప్రేమించేవారిలోనే తీవ్రమైన తగాదాలున్నాయి. పదిమంది మెచ్చినదాన్ని ఒకడు చెత్త అంటాడు. పదిమంది చీదరించుకున్నదాన్ని నెత్తిన పెట్టుకుంటాడు. ఇది వట్టి రుచిభేదమా, లేక ఇందులో నీతికి సంబంధించినదేమైనా ఉన్నదా? ఈ సినిమాలు నేనూ చూస్తాను, కొన్నిటిని ఇష్టంగానే చూస్తాను. కనక ఈ తగాదాలో నేను బయటివాణ్ణి కాను.

ఎవరికీ నచ్చనిది తనకు నచ్చిందని చెప్పుకోవటంలో ఒక డాబు ఉన్నది. అల్పసంఖ్యాకుల అభిప్రాయమైనంత మాత్రాన ఏదీ సత్యం కాదు; వెనక ఉన్న కారణం చూడాలి. 1964 నాటి "గోల్డ్‌ఫింగర్" ఈ వరసలో శిఖరమని చాలామంది నమ్మకం. దానికంత గొప్ప లేదనేవారు కొద్దిమంది. వారిలో ఒకడు, బాండు సగం సినిమా కెంటకీలో గుర్రాలశాలలో బందీగా కూచున్నాడు గనక కథ నడవదంటాడు. అది శిల్పవిమర్శ, ఒప్పుకోవచ్చు, మానవచ్చు. ఇంకొకడు గడ్డికొట్టంలో జరిగినదాన్ని ఎత్తి చూపుతాడు. అక్కడ బాండు ఒక స్త్రీని, ఆమె వద్దని పెనుగులాడుతూ ఉండగా, లొంగదీసుకుంటాడు. ఆ తరవాత ఆమె పక్షం మార్చి అమెరికా గూఢచారి శాఖకు సమాచారం అందజేస్తుంది, విషవాయువు పీపాలు మార్పిస్తుంది. అనగా ఫోర్ట్ నాక్స్ బంగారం దక్కటానికి ఆధారం ఆ బలాత్కారమే. దాన్ని తీసేస్తే కథ నిలవదు. తీర్పు ఒకటే అయినా ఈ ఇద్దరూ చెప్పేది ఒకటి కాదు.

ఇక హత్యల సంగతి. 1977లో వచ్చిన "ది స్పై హూ లవ్డ్ మీ"లో ఒకడు కైరోలో మేడ అంచున బాండు టై పట్టుకుని వేలాడుతూ ఉంటాడు. కావలసిన సమాచారం రాబట్టుకుని, బాండు వాడి పట్టు విడిపిస్తాడు. వాడు పడిపోయాక ఒక చమత్కారం విసురుతాడు. హాలు నవ్వుతుంది. అదే సినిమాలో సోవియట్ నాయిక ప్రియుణ్ణి చంపింది బాండే. పని ముగిశాక నిన్ను చంపుతానని ఆమె ప్రతిజ్ఞ చేస్తుంది, సినిమా చివర దాన్ని మరిచిపోతుంది. ప్రేక్షకులు ఆమె కన్నా ముందే మరిచిపోతారు. 1981లో "ఫర్ యువర్ ఐస్ ఓన్లీ"లో కొండ అంచున వేలాడుతున్న కారును, లోపల మనిషి ఉండగానే, బాండు కాలితో తంతాడు. అది తన బాండుకు తగినది కాదని నటుడు రోజర్ మూర్ సంకోచించాడట. నాకీ సంకోచం చాలా విలువైనదిగా కనిపిస్తుంది. మేడ మీదివాడూ చచ్చాడు, కారులోవాడూ చచ్చాడు. రెండోసారి చావు చావులాగా కనిపించింది, అంతే తేడా.

1989 నాటి "లైసెన్స్ టు కిల్" ఈ తేడాను చివరిదాకా లాక్కుపోయింది. స్నేహితుణ్ణి సొరచేపకు వేసి అంగవికలుణ్ణి చేసినవాడి మీద బాండు పగబడతాడు. ప్రభుత్వం అతని చంపే అధికారాన్ని రద్దు చేస్తుంది. చాలామంది దీన్ని చూసి ఇది బాండు కాదు, క్రూరం అన్నారు. 1967లో అగ్నిపర్వతం కడుపులో జరిగిన యుద్ధంలో గుంపులు గుంపులుగా చచ్చినప్పుడు ఆ మాట రాలేదు. ఇందులో నీతి తలకిందులైంది. లైసెన్సుతో నవ్వుతూ చంపితే వినోదం. లైసెన్సు లేకుండా, బాధతో చంపితే క్రూరత్వం! (మన దేశంలో 2015లో "స్పెక్టర్" విడుదలైనప్పుడు సెన్సారు కత్తెర ముద్దుల నిడివిని సగానికి తగ్గించింది. హీరో వృత్తి మాత్రం భద్రంగా ఉన్నది.)

అయితే ఈ సంఖ్యలు శాశ్వతం కావు. 1969లో "ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్" చివర బాండు భార్య పెళ్లినాడే తుపాకిగుండుకు బలవుతుంది, అతను ఆమె శవాన్ని ఒళ్లో పెట్టుకుని కూచుంటాడు. జార్జ్ లేజన్‌బీ ఆ పాత్ర మళ్లీ వెయ్యలేదు; 1971లో పాత హీరో కానరీ, పాత వేళాకోళం తిరిగి వచ్చాయి. ఆ సినిమాయే అన్నిటిలోకీ మంచిదని కొద్దిమంది పట్టుబట్టి చెబుతూ వచ్చారు. ఇవాళ ఆ మాట అన్నవాణ్ణి ఎవరూ వింతగా చూడరు.

ఇవన్నీ విని నా సహాధ్యాపకుడొకరు, ఆ సరుకంతా మత్తుమందే, అందులో మేలిరకం ఏదని వాదించుకోవటం దేనికన్నారు. నేను ఒప్పుకోను. మన తెలుగులో 1966లోనే "గూఢచారి 116" వచ్చి కృష్ణకు ఆంధ్రా జేమ్స్ బాండన్న పేరు తెచ్చింది. బ్రిటిష్ సింహాసనంతో నిమిత్తం లేకుండానే ఈ సరుకు మన ఊళ్లలో చెల్లింది. మనుషులకు ఇందులో కావలసిందేదో ఉన్నది: లెక్క చెప్పనక్కరలేని శక్తి అని నేననుకుంటాను. ఆ లెక్క అడగటం ప్రేక్షకులలోనే కొందరు, తమకు తెలిసిన భాషలో, మొదలుపెడితే మనం వారికి పాఠం చెప్పబోవటం అవివేకం. ముందు వినాలి.

విన్నంత మాత్రాన అన్నీ ఒప్పుకోమని కాదు. అల్పసంఖ్యాకులు గట్టిగా వెనకేసుకొచ్చే సినిమా 2008 నాటి "క్వాంటమ్ ఆఫ్ సొలేస్". హాలీవుడ్ రచయితలు 2007 నవంబరులో సమ్మె కట్టటంతో స్క్రిప్టు సరిగా పూర్తికాకుండానే తీశారు. రచయితలు లేకపోతే ఏమవుతుందో కొన్ని దృశ్యాలలో తెలుస్తూనే ఉన్నది. కాని ఇందులో విలన్ దగ్గర అంతరిక్షనౌక లేదు. వాడు పర్యావరణ సంరక్షకుడి వేషంలో బొలీవియాలో సైనికాధికారిని గద్దెనెక్కించే కుట్రకు సాయపడి, బదులుగా ఎడారి నేల రాయించుకుంటాడు; దాని కింద దేశపు నీళ్లు అణచిపెట్టి ఉంటాడు. అమెరికా గూఢచారులు వాడితో బేరం కుదుర్చుకుంటారు, బ్రిటిష్ మంత్రి సరేనంటాడు. ఇంత నిజం మిగతా 24 సినిమాలలో లేదు. ఆ అభిమానులతో ఇంతవరకు నేనున్నాను.

కాని నిజమైన బొలీవియాలో, కొచబాంబ నగరంలో, 1999లో నీటి సరఫరాను బెక్టెల్‌కు వాటా ఉన్న కంపెనీ చేతికిచ్చారు. రుసుములు విపరీతంగా పెరిగాయి. జనం వీధుల్లోకి వచ్చారు. 17 ఏళ్ల కుర్రవాడు కాల్పుల్లో చనిపోయాడు. 2000 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఒప్పందం రద్దు చెయ్యవలసి వచ్చింది. ఆ పని ఏ గూఢచారీ చెయ్యలేదు. సినిమాలో బొలీవియా జనం కొద్దిక్షణాలు కనిపిస్తారు, ఎండిపోయిన నీటితొట్టి చుట్టూ, నోరు మెదపకుండా. తరవాత హోటలు తగలబడుతుంది, విలన్ ఎడారిలో చస్తాడు. బాండు రష్యాలో మంచు మీద నడిచి వెళ్లిపోతాడు. ఆ తొట్టిలోకి నీళ్లు వచ్చాయో లేదో ఎవరూ అడగరు. ఆ సినిమాను నెత్తిన పెట్టుకున్న నా మిత్రులు కూడా ఇంతవరకు అడగలేదు.