ఒక్కపొద్దా, డైటింగా?



బరువు తగ్గాలని యాప్‌లో క్యాలరీలు లెక్కపెట్టి తింటున్నాను. మొన్న జహీరాబాద్‌లో ఇంటికెళ్లినప్పుడు మధ్యాహ్నం అన్నం వద్దన్నాను. అడిగితే "సోమవారం కదా, ఒక్కపొద్దు" అని చెప్పేశాను. సాయంత్రానికి ఆకలికి తట్టుకోలేక అమ్మ మీద అరిచాను. అమ్మ ఒకటే అంది: "దేవుని పేరు మీద ఉన్నోడివి, గింత కోపమెందుకు బిడ్డా?"

నా దగ్గర సమాధానం లేదు. నేనున్నది దేవుడి కోసం కాదు, అద్దం కోసం! బరువు తగ్గాలనుకోవడం తప్పు కాదు. శరీరాన్ని చూసుకోవడమూ ధర్మమే. దానికి దేవుడి పేరు అడ్డం పెట్టుకోవడం తప్పు.

ఆకలంటే ఏంటో మా ప్రాంతానికి బాగా తెలుసు. 1980ల నుంచి పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ తోడుతో ఇక్కడి పేద దళిత మహిళలు సంఘాలు కట్టారు. బీడు భూముల్లో జొన్నలు, కొర్రలు పండించి ఇంటిల్లిపాది ఆకలి తీర్చారు. వాళ్లు ఆకలిని కోరి తెచ్చుకోలేదు. నేను తెచ్చుకున్నాను. కంచం ముందుండి వద్దనగలగడం ఎంత అదృష్టమో, అరిచే ముందు నాకు గుర్తు రాలేదు.

అతిగా తిన్నా, అసలు తినకపోయినా యోగం కుదరదని గీత ఆరో అధ్యాయంలో కృష్ణుడు చెప్తాడు. ఇప్పుడు మధ్యాహ్నం జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర, మజ్జిగ తింటున్నా. పీచు, ప్రోటీన్ ఉంటాయి కాబట్టి తొందరగా ఆకలేయదు. వేస్తే, వేస్తోందనే చెప్తున్నా.

ఈ సోమవారం నిజంగానే ఒక్కపొద్దు ఉన్నాను. యాప్ మాత్రం తెరవలేదు.

హర హర మహాదేవ!